క్యాలెండర్ మీద మెతుకు

మా నడవలో గోడకు సంఘం వారి క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. పన్నెండు నెలలూ ఒకే పేజీలో ఉంటాయి. పైన చర్చి బొమ్మ, కింద ఆ సంవత్సరపు వాగ్దాన వాక్యం. 2025 క్యాలెండర్‌లో మార్చి నెల గళ్ళ మీద ఒక మెతుకు ఎండి అతుక్కుపోయి ఉండేది. అది అక్కడికి నా చేతి మీదుగానే వచ్చింది. జనవరి చివరి వారంలో ఒక రాత్రి నేను అన్నం కంచం విసిరికొట్టాను.

పదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి బడిలో పెట్టిన లెక్కల పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయి. ఆ సంగతి వాళ్ళ అమ్మకు తెలుసు, మా అమ్మకు తెలుసు. నాకు మాత్రం చెప్పలేదు. భోజనానికి కూర్చున్నాక మాటల్లో బయటపడింది. "ఇంట్లో అందరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేస్తారా" అని అరిచాను. ఆ తర్వాత కంచం గోడకు తగిలిన చప్పుడు ఒక్కటే గుర్తుంది.

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేదు. ఆ రాత్రి గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి, మెతుకులు ఒక్కొక్కటే ఏరి కంచంలో వేసింది. ఏరుతూ, "అన్నం ఏమి చేసింది నాయనా" అని మాత్రం అంది. నా భార్య చీపురు తెచ్చి పక్కన నిలబడింది కానీ ఊడవలేదు. మా అబ్బాయి చేయి కడుక్కుని డాబా మీదికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నేను మిల్లు నుంచి రాకముందే అన్నం తినేయడం మొదలుపెట్టాడు.

నేను తెనాలి దగ్గర ఒక రైసు మిల్లులో గుమాస్తాను. పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. మాది మూడు తరాల లూథరన్ క్రైస్తవ కుటుంబం. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన హయ్యర్ అనే మిషనరీ 1842లో గుంటూరులో పని మొదలుపెట్టారు. ఆ మిషను పెట్టిన బళ్ళలో ఒకదాంట్లో మా తాత చదువుకున్నాడు. బాప్తిస్మం తీసుకున్నాక ఆయన కల్లు మానేశాడట. ఊళ్ళో వాళ్ళకు ఆయన మారాడని తెలిసింది దానివల్లనే. ఆ కథ వింటూ పెరిగిన నాకు ఆశానిగ్రహం అంటే కల్లూ సారా పొగా ముట్టకపోవడమే. వాటిలో ఏదీ నేను జన్మలో ముట్టలేదు. కాబట్టి ఆ పరీక్షలో నెగ్గానని నమ్మాను. సంఘంలో పెద్దగా ఉన్నాను. 2024 శుభ శుక్రవారం నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో మొదటి మాట మీద ప్రసంగించాను కూడా. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." మా అబ్బాయి మూడో వరుసలో కూర్చుని విన్నాడు.

ఫిబ్రవరి చివరి ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, ఈ సంవత్సరం కూడా మొదటి మాట నీదే అన్నారు. మెతుకు గుర్తొచ్చింది.

"ఈసారి నా వల్ల కాదు అయ్యగారూ" అన్నాను.

"కారణం నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. నీకు తెలుసా?" అని అడిగారు.

తెలుసు అని చెప్పి, చర్చి మెట్ల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విన్నాక, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో ఏటా ఏమి మానేస్తావని అడిగారు. మాంసం మానేస్తాననీ, శుక్రవారాలు సాయంత్రం వరకు ఉపవాసం ఉంటాననీ చెప్పాను.

"నువ్వు మాంసం మానేస్తే మీ ఇంట్లో ఎవరికి ఊరట?"

నా దగ్గర జవాబు లేదు.

"నువ్వు లెక్కలు రాసే మనిషివి కదా నాయనా. దీనికీ ఒక చిట్టా పెట్టు. కోపం వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయి. ఎన్ని గంటలకు వచ్చింది, ఎవరి మీద వచ్చింది, దానికి ముందు గంటలో ఏమి జరిగింది, నీ నోటి నుంచి ఏ మాట వచ్చింది. ఎందుకు వచ్చిందో మాత్రం రాయవద్దు. ఎందుకో రాయడం మొదలుపెట్టావంటే అది నీ తరఫు వకాల్తా అయిపోతుంది. ఆదివారం పుస్తకం తెరవకు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు. మనం 40 అంటున్నామంటే ఆరు ఆదివారాలూ లెక్కలో లేవు. అవి పునరుత్థాన దినాలు."

ఆ ఏడు భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది. మిల్లులో వాడే పొడవాటి చిట్టా పుస్తకం ఒకటి కొని, నాలుగు గడులు గీసి, ఆ సాయంత్రం నుంచే రాయడం మొదలుపెట్టాను.

నాలుగో గడి నింపడం ఎంత కష్టమో రాసేదాకా తెలియలేదు. అరిచినప్పుడు మాట గాలిలో పోతుంది. అరగంట గడిస్తే అలా అన్నానా అని మనకే అనుమానం వస్తుంది. కాగితం మీద, నా సొంత దస్తూరీలో, "నీలాంటి దరిద్రుణ్ణి కన్నందుకు" అని రాసుకుని చూస్తే చేయి ఆగిపోయింది. దాని పక్కన మూడో గడిలో ఉన్నది, "చెప్పులు గుమ్మంలో అడ్డంగా ఉన్నాయి" అని. పంతొమ్మిదేళ్ళు జమా ఖర్చులు రాసినవాణ్ణి. ఆ రెండు గడులకూ పొంతన లేదని చూడగానే తెలిసిపోయింది.

ఆ పుస్తకం నాకు మొదట బయటపెట్టింది నా ఉపవాసం సంగతి. మార్చి 7 శుక్రవారం నా పేరున ఐదు పద్దులు పడ్డాయి. 14 శుక్రవారం నాలుగు. మిగతా రోజుల్లో ఒకటో రెండో మూడో. ఉపవాసం ఉన్న రోజునే నా నోరు ఎక్కువ లేచింది. సాయంత్రం ఏడింటికి ఖాళీ కడుపుతో ఇంటికి వచ్చి, ప్రార్థన చేసుకుని భోంచేసే లోపల ముగ్గురినీ ఏడిపించాను. యెషయా 58వ అధ్యాయాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మీరు కలహపడుతూ, వివాదం చేస్తూ ఉపవాసం ఉంటున్నారని ప్రవక్త ఎవరినో అంటున్నాడని అనుకునేవాణ్ణి.

పుస్తకం చూపిస్తే అయ్యగారు, "వచ్చే శుక్రవారం మధ్యాహ్నం కడుపునిండా భోంచెయ్యి" అన్నారు.

"ఉపవాసం మానేయమంటారా?" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు బాధ కలిగింది. ఇరవై ఏళ్ళుగా తప్పని ఉపవాసం అది.

"ఉపవాసం మంచిదే. కానీ నీ ఆకలికి ఖరీదు మీ అబ్బాయి కడుతున్నాడు. అంతవరకు వద్దు."

అదే నెలలో రంజాన్ కూడా వచ్చింది. మా మిల్లులో కాటా దగ్గర పనిచేసే పెద్దాయన ముస్లిం. నాకంటే పదేళ్ళు పెద్ద. తెల్లవారక ముందు తిని, సూర్యాస్తమయం దాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఎండలో లారీలు తూకం వేస్తున్నాడు. ఒకరోజు ఒక డ్రైవరు తూకం తప్పు వచ్చిందని ఆయన మీదికి వచ్చి నానా మాటలూ అన్నాడు. ఈయన రెండు చేతులూ ఎత్తి, "నేను రోజాలో ఉన్నాను బాబూ" అన్నాడు. మళ్ళీ తూకం వేసి కాగితం చేతికిచ్చాడు. తర్వాత అడిగితే చెప్పాడు: రోజాలో ఉన్నవాణ్ణి ఎవరైనా తిట్టినా, గొడవకు దిగినా ఆ మాట చెప్పి ఊరుకోవాలని తమ ప్రవక్త బోధించారట. సాయంత్రం రోజా విప్పేటప్పుడు ఒక ఖర్జూరం నా చేతిలో పెట్టాడు. ఆయన దినమంతా నోటికి కట్టిన తాళం చూసినవాణ్ణి కాబట్టి ఆ ఖర్జూరం నాకు చాలా తియ్యగా అనిపించింది.

మార్చి 18 రాత్రి, రెండు వారాలు నిండాయని, మిల్లులో నెలాఖరు లెక్క కట్టినట్టే కట్టాను. ఆదివారాలు పోను 12 రోజులు. మొత్తం 31 పద్దులు. మా అబ్బాయి మీద 13, నా భార్య మీద 9, మా అమ్మ మీద 4, మిల్లులో హమాలీల మీద, లారీ క్లీనర్ల మీద కలిపి 5. కూడి సరిచూసుకున్నాను. సరిపోయింది. అప్పుడు ఒక పేరు అసలు లేదని కనిపించింది.

మా ఓనరు గారి పేరు లేదు.

ఆయన మంచివారే, కానీ కోపిష్ఠి. ఆ 12 రోజుల్లోనే మా బియ్యం లారీ ఒకటి గోడౌను నుంచి వెనక్కి వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం నూకలు 25 శాతం మించకూడదు, మించాయన్నారు. ఆడించిన వాళ్ళ పొరపాటు అది. లెక్కలు రాసే నాకు దానితో సంబంధం లేదు. ఆయన మాత్రం ఎదురుగా కనిపించిన నన్ను పట్టుకుని, హమాలీలూ డ్రైవర్లూ చూస్తుండగా పావుగంట తిట్టారు. నేను తల ఊపుతూ, "సరేనండి, చూసుకుంటానండి" అంటూ నిలబడ్డాను. గొంతు పెరగలేదు. ముఖం మారలేదు. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి గుమ్మంలో చెప్పులు చూసి ఇంతకుముందు చెప్పిన ఆ మాట అన్నాను.

నాకు కోపం ఆగదని, అది మా రక్తంలోనే ఉందని అందరికీ చెప్పుకునేవాణ్ణి. పుస్తకం అది అబద్ధమని చూపించింది. జీతం ఇచ్చే మనిషి ముందు పంతొమ్మిదేళ్ళుగా నాకు నిగ్రహం పుష్కలంగా ఉంది. ఎదురు చెప్పలేని వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి దాన్ని మిల్లు గేటు దగ్గరే దించేసి వస్తున్నాను. ఆ రాత్రి ఏడ్చాను. అంతకుముందు కూడా కోపం గురించి పశ్చాత్తాపపడ్డాను. కానీ అప్పుడు నన్ను నేను బలహీనుడిగానే చూసుకున్నాను. పిరికివాణ్ణని చూసుకోవడం అదే మొదలు.

ఆ బుధవారం శ్రమకాల ఆరాధనలో అయ్యగారు గలతీ పత్రిక 5వ అధ్యాయం చదివారు. ఆత్మ ఫలం గురించి పౌలు రాసిన వరుస మనకందరికీ కంఠతా వచ్చు: ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము. చివరి మాటకు మూలంలో ఉన్న గ్రీకు పదం ఎంక్రతెయ అని, దానిలో క్రతోస్ అనే మాట ఉందని, దానికి బలం, ఏలుబడి అని అర్థమని చెప్పారు. మన తెలుగు మాట వినగానే మనసు తిండి మీదికీ తాగుడు మీదికీ పోతుంది. మూలపదం తన్ను తాను ఏలుకోవడాన్ని గురించి చెబుతోంది. సామెతల గ్రంథంలో ఉన్నదీ అదే: "ప్రాకారము లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకొనలేనివాడు అంతే."

తర్వాత అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయానికి వెళ్ళారు. పౌలు కైసరయలో ఖైదీ. రోమా అధిపతి ఫేలిక్సు భార్యతో కలిసి వచ్చి అతన్ని పిలిపించి మాట్లాడమన్నాడు. పౌలు నీతిని గురించి, ఆశానిగ్రహాన్ని గురించి, రాబోయే విమర్శను, అంటే దేవుని తీర్పును గురించి మాట్లాడాడు. ఫేలిక్సు భయపడి, ఇప్పటికి వెళ్ళు, సమయం దొరికినప్పుడు పిలిపిస్తానన్నాడు. లంచం దొరుకుతుందేమోనని రెండేళ్ళు అలాగే ఉంచాడు. నేను ఆ భాగం చాలాసార్లు చదివాను. ఖైదీగా నిలబడ్డ మనిషి, తనను చంపగల అధికారం ఉన్నవాడికి ఆ మాట చెప్పాడని ఆ రోజే తట్టింది. అధికారం చేతిలో ఉన్నవాడికే ముందు చెప్పవలసిన మాట అది. మిల్లులో నేను గుమాస్తాను. ఇంట్లో నేనే ఫేలిక్సును.

చిట్టా చూసి, పద్దులు ఎక్కువ పడేది సాయంత్రం ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్య అని తేలింది. ఇంటికి వచ్చే దారిలో కాలువ మీద వంతెన ఉంది. అక్కడ బండి ఆపి, ఐదు నిమిషాలు నీళ్ళ వైపు చూస్తూ నిలబడి, కీర్తన 141లోని ఒక్క వచనం చెప్పుకుని బయలుదేరడం అలవాటు చేసుకున్నాను. "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము." ఇది నాకు నిజంగా పనికొచ్చింది. ఓనరు గారి మాటలు అంతవరకు నా వెనక సీటు మీద కూర్చుని ఇంటికి వస్తున్నట్టుండేది. వంతెన మీద వాటిని దించి రావచ్చని తెలిసింది.

ఇంకొక పని కూడా చేశాను. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ప్రార్థనలో జీవించిన సన్యాసుల్లో అగథోను అనే ఆయన, మౌనం అలవడటానికి మూడేళ్ళు నోట్లో రాయి పెట్టుకున్నాడని అయ్యగారు చెప్పారు. నేను లవంగం పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఇంట్లో అడుగుపెట్టగానే నాలుక కింద ఒక లవంగం. నోరు తెరవబోతే ఘాటు తగిలి గుర్తొచ్చేది. పద్దులు తగ్గాయి. రోజుకు ఒకటి, ఒక్కోరోజు ఏమీ లేదు. నాకు సంతోషం వేసింది.

నా భార్యకు వేయలేదు. మూడో వారం చివర్లో ఒక రాత్రి అంట్లు తోముతూ, వెనక్కి తిరగకుండానే అంది. "మీరు అరిచినప్పుడే నయమండీ. ఎప్పుడు అయిపోతుందో తెలిసేది. ఇప్పుడు లవంగం నములుతూ ఉరిమి చూస్తున్నారు. అబ్బాయి గదిలోంచి బయటికి రావడం లేదు."

నేను అరుపు ఆపాను, అంతే. కళ్ళూ, కనుబొమలూ, గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడూ తిడుతూనే ఉన్నాయి. చిట్టాలో వాటికి గడి లేదు కాబట్టి నా లెక్కలోకి రాలేదు. నోరు మూసుకోవడం మొదటి మెట్టు. నేను దాని మీదే కూర్చుండిపోయాను. పౌలు రాసిన వరుసలో ఆశానిగ్రహం చివర ఉంది, ప్రేమ మొదట ఉంది. నేను ముందున్న ఎనిమిదింటినీ వదిలేసి తొమ్మిదోదాన్ని ఒక్కదాన్నే పట్టుకుని లాగుతున్నాను.

ఇది అర్థమయ్యాక కూడా తప్పాను. ఆ తప్పు గురించి చెప్పాలి.

మార్చి 24 సోమవారం పదో తరగతి లెక్కల పరీక్ష. ముందురోజు ఆదివారం మధ్యాహ్నం నుంచి ఐపీఎల్ ఆట. ఉప్పల్‌లో హైదరాబాద్ జట్టు 286 పరుగులు చేసిన రోజు అది. ఊరంతా ఆ ఆటే చూస్తోంది. నేను డాబా మెట్లెక్కేసరికి మా అబ్బాయి లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఫోను పెట్టుకుని చూస్తున్నాడు. నోట్లో లవంగం ఉంది. అది పళ్ళ కింద నలిగిపోవడం కూడా తెలిసింది. అయినా అరిచాను. నాలుగిళ్ళ అవతలికి వినిపించేంతగా అరిచాను. సిగ్గు లేదన్నాను, నీ బతుకింతే అన్నాను. ఫోను లాక్కున్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. నా కంటే రెండంగుళాలు పొడవు పెరిగాడని అప్పుడు గమనించాను. మెల్లగా అన్నాడు.

"ఇవాళ ఆదివారం కదా నాన్నా. పుస్తకంలో రాయనక్కర్లేదు."

పుస్తకం వాడు చదివాడు. తన పేరు ఎదుట ఉన్న 13 పద్దులూ, "కన్నందుకు" అన్న మాటతో సహా, నా దస్తూరీలో చదివాడు. ఆదివారం మాట వెటకారంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, పుస్తకం తీసుకుని కిందికి వెళ్ళబోయాడు.

సాయంత్రం ఐదు దాటింది. ఎండ ఇంకా ఉంది. సూర్యుడస్తమించే వరకు మీ కోపం నిలిచి ఉండకూడదని ఎఫెసీ పత్రికలో ఉంది. "ఒక్క నిమిషం ఆగు" అన్నాను. ఆగాడు. పిట్టగోడ మీద కూర్చున్నాను, వాడి కంటే కింద ఉండాలనిపించి.

"నేను అరిచింది తప్పు. ఆ రాత్రి కంచం విసరడం తప్పు. పుస్తకంలో నువ్వు చదివిన ఆ మాట అనడం పాపం. నన్ను క్షమించు."

అక్కడితో ఆపాలి. నా నాలుక చివర ఇంకొక మాట సిద్ధంగా ఉంది: కానీ రేపు పరీక్ష కదా. న్యాయమైన మాటే. ఏ తండ్రైనా అంటాడు. ఆ "కానీ" బయటికి వస్తే ముందు చెప్పినదంతా పైపై మాట అయిపోతుందని తెలుసు. ఓనరు గారి ముందు "సరేనండి" అనడానికి నాకు ఎప్పుడూ ఇంత కష్టం కలగలేదు. గొంతు దగ్గరిదాకా వచ్చిన దాన్ని నలిగిన లవంగంతో పాటు మింగాను. చేతిలో ఉన్న ఫోను తిరిగి వాడికి ఇచ్చాను. అన్ని రోజుల్లో నిజంగా నిగ్రహం అనదగినది ఆ ఒక్క క్షణమేనని ఇప్పటికీ అనుకుంటాను. అది నా బలంతో జరగలేదు. నాలో నేను ప్రార్థన చేసేంత సమయం కూడా లేదు. ఎవరో పట్టుకున్నట్టు ఆగింది.

వాడు క్షమించానని చెప్పలేదు. ఫోను తీసుకుని కిందికి వెళ్ళాడు. కాసేపటికి గదిలో దీపం వెలిగింది.

మర్నాటి నుంచి లవంగం మానేశాను. చిట్టాలో ఐదో గడి గీశాను, క్షమాపణ అడిగానా లేదా అని. మిగిలిన నాలుగు వారాల్లో పద్దులు పడుతూనే ఉన్నాయి, ఐదో గడి కూడా నిండుతూ వచ్చింది. మా అమ్మను క్షమించమని అడిగితే, "ఊరుకో నాయనా, తల్లిని ఎవరైనా అడుగుతారా" అని కళ్ళు తుడుచుకుంది. హమాలీలలో ఒకతన్ని అడిగితే అతను కంగారుపడి, తనే ఏదో తప్పు చేశాడేమోనని నన్ను క్షమించమన్నాడు. దాని గురించి చాలాసేపు ఆలోచించాను. మట్టల ఆదివారం తర్వాత వచ్చిన పరిశుద్ధ వారంలో మొత్తం మూడు పద్దులు.

ఏప్రిల్ 18 శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల దాకా ఏడు మాటల ఆరాధన జరిగింది. మొదటి మాట మీద మరొక సంఘపెద్ద మాట్లాడాడు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. మా అబ్బాయి పక్కన ఖాళీ ఉంటే అక్కడే కూర్చున్నాను. హేరోదు ఎన్ని ప్రశ్నలు వేసినా యేసు అతనికి ఉత్తరమియ్యలేదని, అదే నోరు సిలువ మీద దొంగకు మాత్రం జవాబిచ్చిందని ఆ పెద్దమనిషి చెప్పాడు. బలవంతుడి ముందు మౌనం, నిస్సహాయుడికి మంచి మాట. నేను బలవంతుడికి "సరేనండి", నిస్సహాయులకు తిట్లు అన్నట్టు బతికాను. నా చిట్టా ఈయన చూశాడా అన్నంతగా తగిలింది.

ఈస్టరుకు ముందురోజు నా భార్య ఇల్లు దులిపింది. మెతుకు రాలిపోయింది. మార్చి గళ్ళ మీద చిన్న మరక ఉండిపోయింది. క్యాలెండర్ మార్చవద్దన్నాను.

ఈస్టరు అయిన మూడో రోజు, ఏప్రిల్ 23న, పదో తరగతి ఫలితాలు వచ్చాయి. నేను మిల్లులో ఉన్నాను. కాటా మీద లారీ ఉంది, కాగితాలు చేతిలో ఉన్నాయి. ఫోను మోగింది. మా అబ్బాయి. ఎప్పుడూ మిల్లుకు ఫోను చేసేవాడు కాదు. ఏదైనా చెప్పాలంటే వాళ్ళ అమ్మ చేత చెప్పించేవాడు.

"నాన్నా, పాసయ్యాను. లెక్కల్లో 58 వచ్చింది" అన్నాడు. గొంతు కొంచెం వణికింది. "అమ్మ నీళ్ళకు వెళ్ళింది, ఇంకా చెప్పలేదు. నీకే ముందు చెబుతున్నాను."

58. నేను అనుకున్న అంకె అది కాదు. ఏమీ తోచక లారీ వైపు చూస్తూ నిలబడ్డాను. వాడు అటువైపు ఎదురుచూస్తున్నాడు. నేను ఏమంటానో అని వాడు ఊపిరి బిగబట్టుకోవడం నాకు వినిపించింది.

"సరే నాన్నా. మంచిది. అన్నం తిన్నావా?" అన్నాను.

కొంతసేపు మాట రాలేదు.

"లేదు. నువ్వు వచ్చాక తింటాను."

కాగితాలు కాటా పెద్దాయన చేతిలో పెట్టి, ఓనరు గారి గదిలోకి వెళ్ళి గంట సెలవు అడిగాను.